ఎలివేషన్ త్రీడీ: రెండర్ బటన్ నొక్కే ముందు చేయవలసిన పని

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సొంత ఇల్లు కట్టుకునే కుటుంబాలు ఇప్పుడు ప్లాను గీతలు చూసి నిర్ణయాలు తీసుకోవడం లేదు. పోరంకిలో 200 గజాల స్థలమైనా, గుంటూరు లక్ష్మీపురంలో పాత ఇల్లు తీసేసి కట్టే జీ ప్లస్ 2 అయినా, ముందుగా అడిగేది ఎలివేషన్ త్రీడీ, అంటే కట్టాక ఇల్లు బయటి నుంచి ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో చూపే బొమ్మ. ఆ బొమ్మను చూసే రంగులు ఖాయం చేస్తారు, రెయిలింగ్ స్టీలా గాజా అన్నది తేలుస్తారు, పిట్టగోడ ఎత్తు గురించి ఇంట్లోవాళ్లంతా వాదించుకుంటారు. కాబట్టి ఆ బొమ్మ త్వరగా రావాలి, నిజానికి దగ్గరగానూ ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని చాలామంది అనుకుంటారు గాని, మోడల్‌ను తేలికగా ఉంచుకుని వెలుతురును సరిగ్గా పెట్టుకుంటే రెండూ ఒకేసారి సమకూరుతాయన్నది నా నమ్మకం. మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా మార్చే రెండర్ సెట్టింగుల సంగతి ఆ తరువాతిది. నేను రోజూ మోడల్ చేయడానికి స్కెచప్, రెండర్ చేయడానికి వీ-రే వాడతాను కనుక ఉదాహరణలు వాటి నుంచే ఇస్తున్నాను. బ్లెండర్, ఎన్‌స్కేప్ వాడేవారికి కూడా ఇందులో చాలాభాగం పనికివస్తుంది.

ముందుగా, మోడల్ చేస్తున్నంతసేపూ స్క్రీన్ మీద కనిపించే షేడింగ్ గురించి చెప్పాలి. ఒక ఫేస్ (మోడల్‌లోని ఒక్కొక్క చదునైన తలం) వెలుతురుకు ఏ కోణంలో తిరిగి ఉందో చూసి దాని ఛాయను నిర్ణయించే పద్ధతులను హెన్రీ గురో 1971లో, బుయ్ తువాంగ్ ఫోంగ్ 1975లో ప్రతిపాదించారు. ఆ లెక్కలో ఒక గోడకు, వెలుతురుకు మధ్య ఇంకేదైనా అడ్డం ఉందా అన్న ప్రశ్నే రాదు, అందుకే అది క్షణంలో పూర్తవుతుంది. నీడ కావాలంటే ఆ ప్రశ్న తప్పదు. మోడల్‌ను తిప్పిన ప్రతిసారీ ప్రోగ్రాము మొత్తం ఇంటిని మళ్లీ వెతకవలసి వస్తుంది. స్కెచప్‌లో షాడోలు వేసి ఉంచి పని చేసేవారికి మౌస్ కదిపినప్పుడల్లా బొమ్మ తడబడడానికి కారణం ఇదే. షాడోల ప్యానెల్‌లోనే 'యూజ్ సన్ ఫర్ షేడింగ్' అనే గడి ఉంది. షాడోలు తీసేసి ఆ ఒక్క గడిని టిక్ చేస్తే, ఎండ తగిలే గోడ తెల్లగా, తగలని గోడ మసకగా కనిపిస్తాయి, నీడ మాత్రం పడదు. పోర్టికో లోతు, గోడల ఎగుడుదిగుడులు అర్థం కావడానికి రోజంతా చేసే పనికి ఇది చాలు. దీనితోపాటు స్టైల్స్‌లో ప్రొఫైల్స్ (అంచుల లావుపాటి గీతలు) తీసేయడం, ప్రిఫరెన్సెస్‌లో గరిష్ఠ టెక్స్చర్ (తలం మీద అంటించే చెక్క, రాయి వంటి బొమ్మ) సైజు ఆప్షన్‌ను ఆపి ఉంచడం అలవాటు చేసుకోవాలి. పని కోసం ఒక సీన్, చూపించడానికి నీడలతో ఇంకొక సీన్ విడిగా సేవ్ చేసుకుంటే ఒక్క క్లిక్కుతో అటూ ఇటూ మారవచ్చు.

ఇక మోడల్ బరువు. అసలు ఆలస్యం పుట్టేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను. మన ఊళ్లలో ప్రతి బాల్కనీకీ కనిపించే స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్‌నే తీసుకుందాం. స్కెచప్‌లో సర్కిల్ గీస్తే దానికి మామూలుగా 24 భుజాలుంటాయి, ఆర్క్‌కు 12 ముక్కలుంటాయి. పైపు మూల దగ్గర గుండ్రంగా వంగడానికి ఫాలో మీ (ఒక ఆకారాన్ని గీత వెంట లాగే పరికరం) వాడితే ఆ ఒక్క వంపులోనే 24ను 12తో హెచ్చించి 288 ఫేస్‌లు తయారవుతాయి. వీధిలోంచి చూసే ఎలివేషన్‌లో ఆ పైపు మందం నాలుగైదు పిక్సెళ్లకు మించదు. సర్కిల్‌కు 8, ఆర్క్‌కు 4 ముక్కలు పెట్టి గీస్తే అదే వంపు 32 ఫేస్‌లతో పూర్తవుతుంది, చూసేవారికి తేడా తెలియదు. ఒక రెయిలింగ్‌లో ఇలాంటి వంపులు ఎన్ని, ఇంటికి రెయిలింగులు ఎన్ని అని లెక్క వేసుకుంటే ఫైలు ఎందుకు మొరాయిస్తుందో అర్థమవుతుంది. గీసే ముందే భుజాల సంఖ్య టైపు చేయడం సులువు, పొడిగించిన తరువాత మార్చడం కష్టం.

నిలువు కడ్డీలు, కిటికీలు, సీఎన్‌సీ జాలీ పలకలు, కాంపౌండ్ గోడ మీది దీపాలు వంటి పదేపదే వచ్చేవాటిని ఒక్కసారి కాంపోనెంట్‌గా చేసి కాపీ చేయాలి. కాంపోనెంట్ రూపురేఖలను ఫైలు ఒక్కసారే దాచుకుంటుంది, రెండర్ చేసేటప్పుడు వీ-రే కూడా అదే రూపాన్ని చోటు మార్చి వాడుకుంటుంది. విడి ఫేస్‌లుగా వదిలేసిన కాపీలకు ఈ సౌకర్యం దక్కదు. చెట్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. గేటు పక్కన రెండు కొబ్బరిచెట్లు, ఒక వేపచెట్టు పెట్టాలని ఆకు ఆకూ ఉన్న మోడళ్లను నేరుగా దింపితే ఇల్లు మొత్తం బరువుకన్నా చెట్ల బరువు ఎక్కువవుతుంది. వాటిని ప్రాక్సీలుగా మార్చి పెడితే స్క్రీన్ మీద తేలికైన గుర్తు మాత్రమే ఉంటుంది, పూర్తి చెట్టు రెండర్ సమయంలోనే లోడ్ అవుతుంది.

ఆటోక్యాడ్ నుంచి ప్లాను దింపేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. సర్వే చేసినవారు ఇచ్చే డ్రాయింగులు తరచుగా నిజమైన భూ కోఆర్డినేట్లతో వస్తాయి, కనుక ఇల్లు మూలబిందువుకు లక్షల మీటర్ల దూరంలో పడుతుంది. అంత దూరంలో దశాంశాల కచ్చితత్వం పడిపోయి ఫేస్‌లు వణికినట్టు కనిపిస్తాయి, జూమ్ చేస్తే గోడ మధ్యలో కోసేసినట్టు మాయమవుతుంది. ఆటోక్యాడ్‌లోనే ప్లానును సున్నా బిందువు దగ్గరికి జరిపి, హ్యాచ్‌లు, కొలతలు, ఫర్నిచర్ బ్లాకులు తీసేసి, పర్జ్ చేసి (వాడని సరుకును ఫైలులోంచి తొలగించి), గోడల గీతలను మాత్రమే దింపుకోవాలి. స్కెచప్‌లోకి వచ్చాక కూడా మోడల్ ఇన్ఫోలో పర్జ్ అన్‌యూజ్డ్ నొక్కడం రోజూ చేయవలసిన పనే.

ఫేస్‌ల దిశ గురించి రెండు మాటలు. మోనోక్రోమ్ స్టైల్ పెట్టి చూస్తే ముందు వైపు తెల్లగా, వెనుక వైపు నీలంగా కనిపిస్తుంది. బయటికి నీలం ముఖం తిరిగి ఉన్న గోడ కొన్ని రెండర్ ప్రోగ్రాముల్లో వేరే మెటీరియల్‌తో వస్తుంది, కొన్నింటిలో అసలు కనిపించదు. అలాగే గోడ మీద అంటించిన క్లాడింగ్ టైల్స్‌ను గోడతో సరిగ్గా ఒకే తలంలో పెడితే రెండూ పోటీపడి మచ్చలు మచ్చలుగా మెరుస్తాయి. నిజంగా మేస్త్రి అంటించినప్పుడు టైల్‌కు మందం ఉంటుంది కదా, మోడల్‌లోనూ అంత మందం ఇస్తే సమస్య తీరిపోతుంది.

టెక్స్చర్ల లెక్క చాలామంది వేసుకోరు. 4096 పిక్సెళ్ల చదరపు బొమ్మ, డిస్క్ మీద చిన్న జేపెగ్‌గా ఉన్నా, మెమరీలో విప్పుకున్నాక మూడు రంగులకు 48 ఎంబీ తీసుకుంటుంది. 1024 పిక్సెళ్ల బొమ్మకు 3 ఎంబీ చాలు. గ్రాఫిక్స్ కార్డు మీద రెండర్ చేసేవారికి మెమరీ నిండితే పని ఆగిపోయే ప్రమాదం ఉంది కనుక, కెమెరాకు ఎదురుగా ఉండే మెయిన్ డోర్ టేకు చెక్కకు పెద్ద టెక్స్చర్, ఇంటి వెనుక గోడ టెక్స్చర్ పెయింట్‌కు చిన్నది అన్న వివేకం అవసరం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం, ఎండ. స్కెచప్ మామూలు టెంప్లేట్లలో ముందే పెట్టి ఉండే స్థలం అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్, ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిన ఊరు. అది 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, విజయవాడ 16.5 డిగ్రీల మీద ఉంది. జియో లొకేషన్ మార్చకుండా నీడలు వేస్తే మన ఇంటి మీద పడేది కొలరాడో ఎండ. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు అక్కడ 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఇక్కడ 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు గోడకు 2 అడుగుల సన్‌షేడ్ ఉందనుకుంటే, దాని నీడ అక్కడి లెక్కలో గోడ మీద ఒక అడుగు దిగుతుంది, మన ఊరి లెక్కలో 2 అడుగుల 5 అంగుళాల దాకా దిగుతుంది. 4 అడుగుల కిటికీ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. జూన్‌లో అయితే దిక్కే మారిపోతుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు విజయవాడలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి ఉత్తరపు గోడ మీద ఎండ పడుతుంది. బౌల్డర్ లెక్కలో మధ్యాహ్నం ఉత్తరపు గోడకు ఎండే తగలదు.

స్థలం సరిచేశాక టైమ్ జోన్ 5:30గా ఉందో లేదో కూడా చూసుకోవాలి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది, విజయవాడ దానికి కొంచెం పడమరగా ఉండడం వల్ల ఇక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చేది సగటున 12 గంటల 7 నిమిషాల ప్రాంతంలో. మోడల్‌లో ఉత్తరం అంటే ఆకుపచ్చ యాక్సిస్. స్థలం వంకరగా ఉంటే ఇంటిని ఆ కోణంలో తిప్పి పెట్టాలే తప్ప, సౌకర్యం కోసం తిన్నగా పెట్టి ఎండను వదిలేయకూడదు. ఇంటివారు "సాయంత్రం పూట ఈ బాల్కనీలో కూర్చోవచ్చా అండీ?" అని అడుగుతారు. పడమటి బాల్కనీ అయితే, సూర్యుడు ఎదురుగా 30 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి 2 అడుగుల సన్‌షేడ్ నీడ గోడ మీద 14 అంగుళాలే దిగుతుంది, మిగతా గోడంతా ఎండలోనే ఉంటుంది. ఆ సంగతి స్లాబ్ పడకముందు తెలిస్తే నిలువు జాలీ పెట్టుకోవచ్చు.

నీడ అంచు విషయంలోనూ ప్రకృతినే అనుసరించడం మంచిది. సూర్యబింబం ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది, అందువల్ల 10 మీటర్ల దూరం నుంచి పడే నీడ అంచు సుమారు 9 సెంటీమీటర్ల మేర మెత్తబడుతుంది, దగ్గరి సన్‌షేడ్ నీడ మాత్రం పదునుగా ఉంటుంది. బొమ్మ సుకుమారంగా రావాలని వీ-రే సూర్యుడి సైజును పదింతలు పెంచితే నీడలన్నీ అలికినట్టవుతాయి, నాయిస్ (బొమ్మలో చుక్కచుక్కల గరుకుదనం) పెరుగుతుంది, రెండర్ సమయమూ పెరుగుతుంది. వేసవిలో మన ఆకాశం ముదురు నీలంగా ఉండదు, తెల్లబారి ఉంటుంది. టర్బిడిటీని (గాలిలోని మసకను) కొద్దిగా పెంచితే ఆ కాంతి వస్తుంది.

మోడల్, ఎండ కుదిరాక రెండర్ సెట్టింగుల్లో మిగిలేది తక్కువే. వెలుతురు ఒక గోడ నుంచి ఇంకొక గోడకు ఎగిరిపడే తీరు మొత్తాన్ని 1986లో జేమ్స్ కజియా ఒకే సమీకరణంలో చెప్పాడు. దాన్ని యాదృచ్ఛిక కిరణాలతో అంచనా వేయడమే నేటి ప్రోగ్రాములు చేసే పని. ఈ పద్ధతిలో నాయిస్‌ను సగానికి తగ్గించాలంటే నాలుగింతల శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు పంపే కిరణాలు) కావాలి, ఇంకొక సగానికి మళ్లీ నాలుగింతలు. అందుకే శాంపిల్స్ పెంచుకుంటూ పోవడం కన్నా, ఒక స్థాయికి వచ్చాక నాయిస్‌ను తుడిచే డీనాయిజర్‌కు అప్పగించడం లాభం. జాలీ, దోమల తెర, గరుకు పెయింట్ ఉన్నచోట మాత్రం డీనాయిజర్ వివరాన్ని నాయిస్‌గా భ్రమపడి తుడిచేస్తుంది, అక్కడ రీజియన్ రెండర్‌తో ఎక్కువ శాంపిల్స్ ఇచ్చి ఆ ముక్కను విడిగా తీసుకోవాలి. సైజు కూడా అవసరాన్ని బట్టే ఉండాలి. 3840 వెడల్పు బొమ్మలో 1920 బొమ్మకు నాలుగింతల పిక్సెళ్లుంటాయి. ఇంటివారు వాట్సాప్‌లో ఫోన్ మీద చూసే బొమ్మకు 1920 చాలు, దాన్ని ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపాలి.

మెటీరియళ్లు పెట్టకముందే అన్నిటికీ ఒకే బూడిద రంగు ఓవర్‌రైడ్ ఇచ్చి, గాజును మాత్రం దాని నుంచి మినహాయించి ఒక చిన్న రెండర్ తీస్తే వెలుతురు తప్పులన్నీ అప్పుడే బయటపడతాయి. తెల్లటి గోడకు రంగు విలువల్లో గరిష్ఠమైన 255 ఇవ్వకూడదు. నిజమైన తెల్ల సున్నమైనా తన మీద పడిన వెలుతురంతా తిరిగి పంపదు. 220 దాటకుండా ఉంచితే గోడల మూలలు, గ్రూవ్‌లు స్పష్టంగా తెలుస్తాయి, రెండర్ కూడా త్వరగా తేరుకుంటుంది. లోపలి గదుల బొమ్మల్లో గాజు కిటికీ ఎండను ఆపేస్తుంటే గాజు మెటీరియల్‌లో 'అఫెక్ట్ షాడోస్' ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫాల్స్ సీలింగ్ ఎల్‌ఈడీ పట్టీలను వెలిగే మెటీరియల్‌తో ముక్కలుగా పెట్టేకన్నా పొడవాటి రెక్టాంగిల్ లైట్ ఒకటి పెడితే నాయిస్ బాగా తగ్గుతుంది.

మే నెలలో ఇక్కడ ల్యాప్‌టాప్ మీద రెండర్ చేసేవారికి వేడి కూడా ఒక సెట్టింగే. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పెద్ద రెండర్లను తెల్లవారుజామున, అడుగున గాలి ఆడేలా స్టాండ్ మీద పెట్టి నడపాలి. కరెంటు పోయినా పని మొదటికి రాకుండా యూపీఎస్‌తోపాటు రిజ్యూమబుల్ రెండరింగ్ ఆన్ చేసి ఉంచాలి.

రంగుల దగ్గర మాత్రం బొమ్మ ఒక్కదాన్నే నమ్ముకోమని ఎవరికీ చెప్పను. సాయంత్రపు ఎండలో తీసిన రెండర్‌లో లేత బూడిద గోడ గోధుమ ఛాయకు తిరుగుతుంది, ఇంటివారు ఆ గోధుమనే కోరుకుంటారు, ఫోన్ స్క్రీన్ దాన్ని ఇంకొంచెం మారుస్తుంది, చివరికి పెయింటర్ చేతికి ఆ ఫోనే వెళుతుంది. కోరుకున్నది ఒకటి, గోడ మీదికి వచ్చింది ఒకటి అయితే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండేది వాళ్లు. అందుకని ఒకే కెమెరా నుంచి ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12 గంటలకు, సాయంత్రం 4 గంటలకు మూడు బొమ్మలు తీసి, ఏ గోడకు ఏ షేడ్ కోడ్ అన్నది విడిగా ఒక కాగితం మీద రాసి వాటితోపాటు ఇస్తాను. మోడల్ తేలికగా ఉన్నప్పుడు ఈ మూడింటికీ మార్చవలసింది షాడోల ప్యానెల్‌లో సమయం ఒక్కటే. షేడ్ కార్డులోంచి ఎంచిన రంగును మాత్రం గోడ మీద మూడడుగుల మేర వేయించి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసుకున్న తరువాతే డబ్బాలు ఆర్డరు పెట్టమని ఇంటివారికి చెబుతాను.