ఇంటిపేరు ఎవరిది?

"చచ్చిపోయినవాళ్ల పేర్లు చదివి పెడితే డబ్బులిస్తారా?" అని అమ్మ ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది. ఇస్తారమ్మా. నేను చెక్ దేశంలో, చెస్కే బుద్యెయొవిత్సెలో ఉంటాను. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిన పాత చర్చి రిజిస్టర్లు చదివి అందులో ఉన్నది ఇంగ్లీషులో రాసివ్వడం నా పని. అడిగేది ఎక్కువగా అమెరికా వాళ్లు, 19వ శతాబ్దంలో ఇక్కడినుంచి వలస వెళ్లిన కుటుంబాల మునిమనవలు.

ఆ రిజిస్టర్‌ని ఇక్కడ 'మత్రికా' అంటారు. నాకు ప్రతిసారీ మన 'మాతృక' లాగే వినిపిస్తుంది. మా ప్రాంతమైన దక్షిణ బొహీమియా పాత మత్రికలను త్రెబోన్ ఊళ్లోని ఆర్కైవ్ (పాత దస్తావేజుల భాండాగారం) స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. దొరకడం తేలికే, చదవడమే కష్టం. ఒక పాదిరి లాటిన్‌లో రాస్తాడు, ఇంకొకరు జర్మన్‌లో, మరొకరు చెక్‌లో. జర్మన్ పాత చేతిరాతలో 'ఎన్', 'యూ' ఒకేలా రెండు గీతలు. పైన సన్నటి కొక్కెం ఉంటే అది 'యూ'. మొదట్లో '7బ్రిస్' అని కనిపిస్తే జూలై అని రాసి పంపేశాను. అది సెప్టెంబరు. లాటిన్‌లో 'సెప్టెమ్' అంటే ఏడు కదా! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే సరిచేసి మళ్లీ పంపాను.

మొన్న నెబ్రాస్కా నుంచి ఒక పెద్దావిడ రాసింది. ఆమె ముత్తాత 1848లో పుట్టినట్టు దొరికింది. ఆయన తండ్రి పుట్టుక మాత్రం ఆ ఊళ్లో లేదు, పెళ్లీ లేదు. రెండు వారాలు వెతికాను. చివరికి పేరు వదిలేసి ఇంటి నంబరు పట్టుకున్నాను. 1770-71లో ఇక్కడ ఇళ్లకు నంబర్లు వేశారు. 1784లో, అప్పట్లో ఇక్కడ ఏలుతున్న రెండో జోసెఫ్ చక్రవర్తి రిజిస్టర్లకు గళ్లు గీయించి, ఇంటి నంబరుకూ ఒక గడి పెట్టించాడు. ముత్తాత పుట్టిన 14వ నంబరు ఇంటి పెళ్లికూతురిని వెతికితే 1840లో దొరికింది. వరుడు పక్క ఊరివాడు, ఇంటిపేరు వేరే. దాని పక్కన ఇరికించి రాసిన చిన్న మాట: 'యినక్'. అంటే 'మరో విధంగా'. ఆ తర్వాత నెబ్రాస్కా ఆవిడకు తెలిసిన ఇంటిపేరు.

నాకు ఒక్కసారిగా మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనా ఇల్లరికం వచ్చినవాడే. అయితే మన దగ్గర దత్తత వెళ్తే తప్ప ఇల్లరికపు అల్లుడి ఇంటిపేరు మారదు. మాటలో 'ఇల్లు' ఉన్నా, పేరు మాత్రం మనిషి వెంటే వెళ్తుంది. ఈ పల్లెల్లో నిజంగానే అది ఇంటిది. కమతంలోకి ఎవరొచ్చినా దాని పేరుతోనే పిలిచేవారు. పిల్లలకూ అదే పేరు.

"అయితే మా పేరు మాది కాదా?" అని ఆవిడ బాధగా రాసింది. అనువాదం కింద ఎప్పుడూ సొంత మాట రాయను. ఈసారి మాత్రం మన 'ఇంటిపేరు' అన్న మాటను విడదీసి, అర్థం చెప్పి పంపాను. శనివారం బస్సెక్కి ఆ ఊరెళ్లాను. మధ్యలో నంబర్లు మారాయి కాబట్టి పాత భూకొలతల పటం పక్కన పెట్టుకుని వెతికాను. చెరువు గట్టు దిగగానే ఉంది ఇల్లు. ఫొటో తీసి పంపాను.

పక్క ఊరి మత్రికా కూడా చూడమని నిన్న జవాబొచ్చింది. రాత్రే 1815 పుట తెరిచాను. ఇంకు బాగా వెలిసిపోయింది, రాత మాత్రం గుండ్రంగా, ఓపిగ్గా ఉంది.