కుటుంబంలో ఎవరికైనా ఉందా?

పోయిన ఆగస్టులో మా అమ్మాయి హైస్కూల్లో చేరే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇక్కడ టెక్సాస్‌లో లోపలికి పిలవకముందే ఒక ఫారం చేతికిస్తారు. షుగరు, బీపీ, గుండెజబ్బు, ఆస్తమా, వరసగా గళ్లు. "కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా" అన్న చోట 14 ఏళ్లుగా "లేదు" మీదే టిక్కు పెడుతూ వచ్చాను. ఆ రోజూ అలాగే పెట్టాను. పక్కన కూర్చున్న పిల్ల చూసి, ఎవరికీ వినపడకుండా తెలుగులో అంది: "అమ్మా, మామ ఉన్నాడు కదా."

టిక్కు మార్చాను. డాక్టరమ్మ చూసి, తెలియడం మంచిదే అంది, తర్వాతి గడిలోకి వెళ్లిపోయింది. నేను ఇన్నేళ్లు దాచినదానికి ఆమెకు పట్టింది అర నిమిషం.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. 2009లో నేను పెళ్లయి ఇక్కడికొచ్చిన ఏడాదే అనంతపురంలో మొదలైంది. అప్పుడు వాడికి 20 ఏళ్లు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వీధిలో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని కిటికీలన్నిటికీ పేపర్లు అంటించాడు. గాలి సోకిందన్నారు చుట్టాలు. అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది, పెనుకొండ బాబయ్య దర్గాకు తీసుకుపోయింది. ఆమెను నేను తప్పుపట్టను. కాళ్లరిగేలా తిరిగింది ఆమే. మొక్కులతో పాటు మందు కూడా మొదలుపెట్టి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ జబ్బుకు వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. మాకు రెండేళ్లు పోయాయి. 2011లో అక్కాబావా వాణ్ని బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లారు. అనంతపురం వాళ్లకు హైదరాబాదు కంటే బెంగళూరే దగ్గర.

మాత్రలు మింగనని వాడు మొండికేస్తే అమ్మ పొడి చేసి పెరుగన్నంలో కలిపేది. ఒకరోజు కరగని తునక ఒకటి వాడి పంటి కింద పడింది. ఆ పూట నుంచి అమ్మ చేతి అన్నం ముట్టలేదు. తన చేత్తో చింపుకున్న బిస్కెట్ ప్యాకెట్టు, తన చేత్తో ఒలుచుకున్న అరటిపండు, అంతే. తర్వాత డాక్టరు నెలకొక ఇంజెక్షన్‌కు మార్చారు. గొంతులు వినపడటం చాలావరకు తగ్గింది. అన్నం మీద అనుమానం మాత్రం పోలేదు. 2022లో పోయేదాకా అమ్మ కంచం వాడి ముందు పెట్టి, తలుపు చాటున నిలబడి చూసేది.

నా పిల్లలకు నేను చెప్పిందల్లా "మామకు ఒంట్లో బాగలేదు" అనే. వీడియో కాల్‌లో వాడు కనపడకుండా అక్క ఫోన్ తిప్పేది. అలా తిప్పమన్నదాన్ని నేనే. సీమలో ప్రతి ఇంట్లో ముద్దుగా తిరిగే "తిక్క" అనే మాటను కూడా మా ఇంట్లో రానివ్వలేదు. పిల్లలను కాపాడుతున్నాననే అనుకున్నాను.

పోయిన వేసవిలో ఊరికెళ్లినప్పుడు మా పదేళ్ల పిల్లాడు ఏంచిన చెనిక్కాయలు దోసిట్లో పోసుకుని మామ మంచం దగ్గరికి పోయాడు. నేను ఆపబోయేలోపే పక్కన కూర్చున్నాడు. తమ్ముడు ఒక కాయ తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. పెంకు ఎక్కడా పగల్లేదు. చిట్లగొట్టి గింజలు నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. మావాడికి తెలుగు అంతంతమాత్రం. "మామా, దీంట్లో మూడు" అంటాడు, "నాకు రెండే" అంటాడు తమ్ముడు. గంటసేపు అదే లెక్క. ఇన్నేళ్లలో అక్క గానీ నేను గానీ పొట్టుతో ఉన్న కాయలు వాడి చేతికి ఇవ్వాలని అనుకోలేదు.

ఆ రాత్రే అక్కకూ నాకూ మాట పెరిగింది. నేను డబ్బులు పంపుతున్నాను కదా అన్నాను. అనకూడని మాట. "నీకేం పాపా, ఫోన్ పెట్టేస్తే అయిపాయ. నాకు ఫోన్ పెట్టినాకే మొదలు" అంది. అమ్మ పోయినప్పటి నుంచి వాడు అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. కూతురికి సంబంధాలు చూసినన్నాళ్లు వాణ్ని లోపలి గదిలో ఉంచాల్సి వచ్చింది. ఇప్పుడా పిల్లకు తొలి కాన్పు. పుట్టింటికి పంపేది లేదని అత్తగారివాళ్లు తెగేసి చెప్పారు, ఆ ఇంట్లో అలాంటి మనిషి ఉన్నాడని.

డాక్టరు దగ్గర్నుంచి వస్తూ కారులో మా అమ్మాయి అడిగింది: "తమ్ముడికి కూడా వస్తే, నేనూ నీలాగా దూరంగా ఉండాలా?"

నిందించడానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మా వీధి మలుపు దాటిపోయి మూడు సిగ్నళ్లు ముందుకెళ్లాను. తెలిసిన లెక్క మాత్రం చెప్పాను: ఈ జబ్బు మామూలుగా 100 మందిలో దాదాపు ఒకరికి వస్తుంది, మేనమామకు ఉంటే 100లో ముగ్గురు నలుగురికి, మిగతావాళ్లకు రాదు. ఆమె స్కూలు కార్డు వెనక్కి తిప్పి 988 చూపించింది. మనసు తట్టుకోలేనప్పుడు చేయాల్సిన నంబరు. "అనంతపురంలో ఏ నంబరు?" అంది. నాకు తెలీదు. ఇంటికొచ్చి వెతికాను. టెలి మానస్, 14416. ఈ రెండు నంబర్లూ 2022లోనే మొదలయ్యాయి. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, రోగిని చూసుకునేవాళ్లు కూడా చేయొచ్చు. అక్కకు పంపాను. రెండు వారాల తర్వాత చెప్పింది, ఒక రాత్రి చేసి 40 నిమిషాలు మాట్లాడానని. ఏం మాట్లాడిందో నేనడగలేదు.

ఈ జూన్‌లో పిల్లలతో ఆరు వారాలు అనంతపురంలో ఉంటున్నాను. అక్క హైదరాబాదుకు, కూతురి కాన్పుకు పోతోంది. వాట్సాప్‌లో ఏమేం చేయాలో చెప్పి పంపింది. మా అమ్మాయి విని ఇంగ్లీషు అక్షరాల్లో నోటు పుస్తకంలో రాసుకుంటోంది. చేతి వణుకు మాత్ర రాత్రి ఎనిమిదిన్నరకు, వాడి చేతికే ఇయ్యి. ఇంజెక్షన్ 11న. గదిలోకి పోయే ముందు తలుపు కొట్టు. అన్నం వడ్డించినాక ముందు నువ్వొక ముద్ద తిను, వాడు చూసేటట్టు.