మెనూ ఒక్క పేజీయే

"సూప్ అయిపోయిందండీ" అని పక్క టేబుల్ ఆయనకి వెయిటర్ చెప్పేసరికి ఇంకా ఒంటిగంటన్నర కూడా కాలేదు. ఆయన ముఖం చూడాల్సింది! పాపం, దానికోసమే వచ్చినట్టున్నాడు. చివరి గిన్నె నా ముందు పొగలు కక్కుతోంది. తల ఎత్తితే ఒట్టు.

ఉల్లిపాయల సూప్. అంతే, ఇంకేం ఆర్భాటం లేదు. కానీ ఆ ఉల్లిపాయలు ముదురు గోధుమ రంగులోకి తిరిగి, మాడిన చేదు ఎక్కడా లేకుండా, నోట్లో పెడితే కరిగిపోతున్నాయి.

ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ తడి ఆవిరయ్యేదాకా గిన్నెలో వేడి 100 డిగ్రీలు పెద్దగా దాటదు. దాటితే గానీ ఆ రంగూ, ఆ రుచీ రావు. సన్నమంట మీద ముప్పావుగంటైనా కలుపుతూ నిలబడాలి. తొందరపడి మంట పెంచితే అంచులు మాడతాయి, మధ్యలో పచ్చివాసన అలాగే ఉంటుంది. ఇంట్లో అంత ఓపిక ఎవరికి?

మిగతావీ బాగున్నాయి. స్వీట్ మాత్రం మామూలే.

మెనూ చిన్నగా ఉండటం నాకు నచ్చింది. పది వంటకాలే అయితే తెచ్చిన సరుకు ఆ రోజే చెల్లిపోతుంది, ఫ్రిజ్‌లో మూలగదు.

"కొత్తవేమీ పెట్టరా?" అని అడిగాను.

"మొదటిసారి వచ్చినవాళ్లే అలా అడుగుతారండీ" అంటూ ప్లేటు తీసుకెళ్లిపోయాడు.

అప్పటికే నా కుర్చీ వెనక ఒక కుటుంబం కాపు కాస్తోంది. బిల్లు వచ్చిందో లేదో, బ్యాగు పెట్టేశారు!