చెయ్యి పట్టి దిద్దించకూడదట

"వాడి చేతిని వాడికే వదిలెయ్యండి" అన్న మాటలో నిజానికి కోపం లేదు. ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో నేను పనిచేస్తున్న నర్సరీలో, నాలుగేళ్ళు ఇంకా నిండని ఒక పిల్లవాడు తన పేరులోని మొదటి అక్షరం రాయబోయి తంటాలు పడుతుంటే, వెనక కూర్చుని వాడి పిడికిలి మీద చెయ్యి వేసి పెన్సిలు నడిపించాను. అది చూసిన మా రూమ్ లీడర్, అంటే మా గది బాధ్యత చూసే ఆమె, నన్ను పక్కకు పిలిచి, నవ్వుతూనే, ఇక్కడ అలా చేయరని చెప్పింది. ఆమె వయసులో నాకంటే బాగా చిన్నది. బియ్యంలో నాన్న చేతి కింద ఓనమాలు దిద్దినదాన్ని, ఆ తర్వాత ఖమ్మంలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు ఏళ్ళ తరబడి దిద్దించినదాన్ని. ఆ మాట ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు. చెయ్యి పట్టుకోవడం కూడా వద్దనదగిన పనుల్లో ఒకటి కావచ్చునన్న ఊహే అంతవరకు నాకు రాలేదు.

వారి వాదన వినదగినదే, కనుక ముందు దానినే చెబుతాను. రాయడం వేళ్ళతో మొదలు కాదు. భుజం, మోచెయ్యి, మణికట్టు గట్టిపడ్డాక గాని ఆ పని వేళ్ళకు అందదు. అందుకే ఇక్కడ మూడేళ్ళ పిల్లలకు కాపీ పుస్తకాలు ఉండవు. గోడకు అతికించిన పెద్ద కాగితాల మీద చెయ్యి బారుగా చాచి గీతలు గీయనిస్తారు, పిండి ముద్దలు పిసకనిస్తారు, పెరట్లో బకెట్టెడు నీళ్ళూ ఒక పెయింటు బ్రష్షూ ఇచ్చి నేల మీద రాసుకోమంటారు. పిల్లవాడు నాలుగు వంకర గీతలు గీసి, ఇది మా అమ్మకు ఉత్తరం అంటే, వాటిని పిచ్చిగీతలని కొట్టివేయరు. గీసిన గుర్తుకు ఒక అర్థం ఉంటుందన్న సంగతి వాడికి తెలిసిందని, చదువులో అదొక పెద్ద మెట్టని వాడి రికార్డులో రాసుకుంటారు. మరొకరు నడిపించిన చెయ్యి కాగితం మీద చక్కని అక్షరాన్ని మిగల్చవచ్చు; కాని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలు పిల్లవాడివి కావు, కాబట్టి ఆ అక్షరమూ వాడిది కాదు. మా రూమ్ లీడర్ చెప్పినదాని సారం ఇది.

ఇంత సబబుగా ఉన్న మాట నన్నెందుకు నొప్పించిందో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట చరిత్రను అడ్డం పెట్టుకోబోయాను. 1789లో మద్రాసు ఎగ్మోరులోని అనాథ బాలుర ఆశ్రమానికి సూపరింటెండెంటుగా చేరిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు మతాచార్యుడు, అక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో రాసుకోవడం చూసి, తన బడిలోనూ అదే పెట్టాడు. పిల్లలే పిల్లలకు పాఠం చెప్పుకునే పద్ధతితో కలిపి 1797లో లండనులో దాన్ని అచ్చు వేయించాడు. దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది, ఇంగ్లండు బడుల్లోకి ఇసుక బల్లలు వచ్చాయి. ఇప్పుడు మా నర్సరీలో రంగు ఇసుక పోసిన పళ్ళెం చూపి, ఇంద్రియానుభవం అంటూ నాకు శిక్షణ ఇస్తుంటే, ఇది మా అరుగుల మీది నుంచి వచ్చిందమ్మా అని నాలుక చివరి దాకా వస్తుంది. 1939లో అడయారు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిపిన ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరీ కూడా, గరుకు కాగితపు అక్షరాల మీద వేలితో దిద్దించినదే కదా అనుకున్నాను. అయితే ఈ రెండింటిలోనూ రాసే వేలు పిల్లవాడిదేనని, దాని మీద పెద్దల చెయ్యి లేదని మా రూమ్ లీడర్ అంటే నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆ వాదన ఆమె ముందు పెట్టనే లేదు.

నాకు జవాబు దొరికింది మా సిబ్బందికి ధ్వనుల శిక్షణ జరిగిన రోజున. ఇక్కడ నర్సరీ వయసులో అక్షరం కంటే ముందు చెవిని సిద్ధం చేస్తారు: వర్షం చప్పుడు, డ్రమ్ము చప్పుడు వేరుచేసి గుర్తుపట్టడం, ప్రాసలు కలపడం, ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు ఏరడం. నర్సరీ తర్వాతి రిసెప్షన్ తరగతికి వెళ్ళాక చాలా బడుల్లో ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలతో మొదలుపెట్టి, వాటి పేర్లు కాకుండా ధ్వనులు పలికిస్తూ, ఆ ధ్వనులను అతికించి మాటలు చదివిస్తారు. టీచరు "ప" అని అచ్చు కలిపి పలికితే "ప, ఇ, న" అవుతుందే తప్ప "పిన్" కాదు. కనుక అచ్చు తగలనీయకుండా "ప్" అనాలని శిక్షకురాలు పదే పదే చెప్పింది. తోటివాళ్ళు దానికి నానా అవస్థ పడుతుంటే నాకు మాత్రం ఏ కష్టమూ కలగలేదు. పొల్లు రాయడం నేర్చిన వాళ్ళకు అది కొత్త విద్య కాదు కదా.

అక్కడే రెండు భాషల చదువులో బరువు ఎక్కడెక్కడ పడుతుందో నాకు తెలిసింది. ఇంగ్లీషు పిల్లలకు గుర్తుపట్టవలసిన ఆకారాలు ఇరవై ఆరే, కాని వాటితో సుమారు 44 ధ్వనులు రాబట్టాలి. వినికిడిలో విడివిడిగా లేని ధ్వనులను విడదీయాలి, మళ్ళీ కలపాలి. భారమంతా చెవి మీద. మన పిల్లలకు ప, ల, క వస్తే "పలక" వచ్చేసినట్టే, ఒకదాని వెంట ఒకటి అంటే చాలు, అతికించే శ్రమ లేదు. దానికి బదులు గుణింతాలు, ఒత్తులు కలిసి వందల ఆకారాలు అవుతాయి. వ, మ మధ్య ఒక్క కొమ్ము, ద, ధ మధ్య ఒక్క గీత తేడా. భారమంతా కంటి మీద, చేతి మీద. పూర్తయిన అక్షరాన్ని ఎంతసేపు చూసినా, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పి అక్కడికి చేరారో కనిపించదు. బరువు చెవి మీద పడే చోట వీళ్ళు చెవికి అంత సాయం చేస్తున్నప్పుడు, బరువు చేతి మీద పడే చోట మనం చేతికి సాయం చేయడం వెనుకబాటు ఎలా అవుతుంది?

ఇంకొక సంగతి కూడా ఉంది, దాన్ని ఏ శిక్షణలోనూ చెప్పరు. ఇక్కడ మూడేళ్ళు దాటిన పిల్లలకు, టీచరు అర్హత ఉన్నవారు గదిలో లేకపోతే, ఎనిమిది మందికి ఒకరి చొప్పున సిబ్బంది ఉండాలన్నది చట్టం. పిల్లవాడు పెన్సిలుతో కుస్తీ పడుతుంటే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వాడు చెప్పేది వింటూ, ఎంతసేపైనా ఆగవచ్చు. ఖమ్మంలో నా గదిలో నలభై మంది ఉండేవారు. పలక పట్టుకుని నా దగ్గరకు వచ్చిన పిల్ల చేతిని పట్టుకుని "అ" దిద్దించిన ఆ అర నిమిషమే, ఆ రోజుకు టీచరు పూర్తిగా ఆ పిల్లకు మాత్రమే దక్కిన సమయం. కొందరు పిల్లలు వచ్చిన అక్షరాన్ని కూడా రానట్టు నటించి మళ్ళీ వరుసలో నిలబడేవారు. ఎనిమిది మందికి ఒకరున్న చోట కూర్చుని ఆ అలవాటును తప్పుపట్టడం సులభం.

అయితే లెక్కల దగ్గర నేను ఇంత పట్టుదలగా నిలబడలేను. అంకెలను కోరస్‌గా అనిపించడమంటే గొంతును చెయ్యి పట్టుకుని నడిపించడమే. మా బడిలో యూకేజీ వార్షికోత్సవానికి వంద దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పించేవాళ్ళం, తల్లిదండ్రులు చప్పట్లు కొట్టేవారు. ఇంగ్లండులో 2021లో మార్చిన లక్ష్యాల ప్రకారం, ఐదేళ్ళ వయసులో రిసెప్షన్ ముగించే పిల్లలకు గట్టిగా తెలియవలసినది పది లోపు సంఖ్యలే. నోటితో చెప్పడం ఇరవై దాటితే చాలు. పది దాకానా అని మొదట నవ్వుకున్నాను. ఒక పిల్లను ఐదు బొత్తాలు ఇమ్మని అడిగి, ఆ పిల్ల గుప్పెడు తీసి ఇచ్చాక, ఆ పది ఎంత లోతో నాకు అర్థమైంది. అదే పిల్ల ఇరవై దాకా తడుముకోకుండా చెబుతుంది. రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో విడమరచి చెప్పినది ఇదే: ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె పడాలి, అంకెల వరుస మారకూడదు, చివర పలికిన అంకె మొత్తం ఎన్నో చెబుతుంది, లెక్కపెట్టేది ఏ వస్తువైనా ఒకటే, ఎటు నుంచి లెక్కపెట్టినా మొత్తం మారదు. వీటిలో మూడోది పట్టుబడని పిల్లను, లెక్కపెట్టడం అయ్యాక, మొత్తం ఎన్ని అని అడిగితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. వంద దాకా కోరస్ చెప్పించిన ఏ టీచరుకూ ఈ లోపం కనిపించే అవకాశం లేదు, ఎందుకంటే కోరస్‌లో ఎవరి గొంతు ఎక్కడ ఆగిందో తెలియదు.

ఆ లక్ష్యాల్లోనే, ఐదు లోపు వస్తువులను లెక్కపెట్టకుండా చూపుతోనే ఎన్నో చెప్పగలగాలని కూడా ఉంది. దీనికోసం చుక్కల కార్డులు, పాచికలు కొంటారు. నాకు అష్టాచెమ్మా గుర్తుకు వచ్చింది: నాలుగు గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో ఎవరూ వేలు పెట్టి లెక్కపెట్టరు, నాలుగూ వెల్లకిలా అయితే నాలుగు, నాలుగూ బోర్లా అయితే ఎనిమిది. వామనగుంటల్లో గుంటకొక చింతగింజ వేసుకుంటూ పోవడం, అచ్చంగా వస్తువుకొక అంకె పడే సూత్రమే. మన ఇళ్ళల్లో మధ్యాహ్నాలు జరిగిన ఈ చదువును మన బడులే గడప అవతల ఉంచాయి. ఇందులో ఇంగ్లండు వాళ్ళను అనడానికి ఏమీ లేదు.

సాయంత్రం పిల్లలను తీసుకువెళ్ళడానికి వచ్చే తెలుగు తల్లిదండ్రులు మాత్రం, వంద దాకా ఎప్పుడు నేర్పుతారని నన్నే అడుగుతారు, నేనైతే అర్థం చేసుకుంటానని. రాత్రి భోజనానికి ఎన్ని కంచాలు పెట్టాలో అమ్మాయిని అడగండి, తాతగారు కూడా వస్తే ఎన్ని కావాలో అడగండి అంటాను. తెలుగులోనే అడగమని కూడా చెబుతాను. ఇంగ్లీషులో పదమూడు నుంచి పంతొమ్మిది దాకా ఒకట్లు ముందు, పది వెనక పలుకుతాయి. ఇరవై దాటగానే ఆ వరుస తిరగబడుతుంది, కనుక ఫోర్టీన్ అని విని 41 రాసే పిల్లలు ఇక్కడ తరచుగా కనిపిస్తారు. తెలుగులో అయితే పద్నాలుగులో పది ముందే ఉంది, ఇరవై నాలుగులో ఇరవై ముందే ఉంది, రాసే వరుసా అదే. నూరు లోపు దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక కొత్త మాట మోయవలసిన హిందీ పిల్లల కంటే కూడా మనవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు.

ఇంట్లో ఇంగ్లీషు కాని భాష మాట్లాడే పిల్లలకు ఆటలోనూ చదువులోనూ ఆ భాష వాడే అవకాశం కల్పించాలని ఇక్కడి నిబంధనల్లోనే ఉంది. దాన్ని ఆధారం చేసుకుని, తెలుగు పిల్లలు తెలుగులో లెక్కపెట్టేలా గవ్వల ఆట పెడతానని వారం ప్రణాళికలో రాసి ఇచ్చాను. మా రూమ్ లీడర్ ఆసక్తిగా చదివి, గవ్వలు గొంతులో పడే ప్రమాదం ఉందేమోనని రిస్క్ అసెస్‌మెంట్ పత్రం నింపమంది. నింపాను. పెద్ద సైజు గవ్వలే వాడాలని, పక్కన ఒక పెద్ద మనిషి కూర్చోవాలని షరతులతో అనుమతి వచ్చింది.