విక్రమార్కుడి బొమ్మ

"నాన్నా, ఈయనకి భయం వెయ్యదా?" అంది మా అమ్మాయి, పాత చందమామలో వేలు పెట్టి.

భుజాన శవం, చేతిలో దూసిన కత్తి. రాజు మొహంలో భయం లేదు, విసుగూ లేదు. చిన్నప్పుడు నేను కథ వదిలేసి ఆ మొహమే చూసేవాణ్ణి.

ఆ బొమ్మ శంకర్ గారిది. అసలు పేరు కె.సి. శివశంకరన్, తమిళాయన. 1952లో చందమామలో చేరి, దాదాపు 60 ఏళ్లు అక్కడే కుంచె పట్టారు. ఒకే పత్రికలో! మనం మూడేళ్లకే ఉద్యోగం మారిపోతాం.

2020లో పోయారు. పద్మశ్రీ 2021లో ప్రకటించారు. ఓపికలో మన ప్రభుత్వాల ముందు విక్రమార్కుడు కూడా దిగదుడుపే.

ఎవరింట్లోనైనా పాత సంచికలుంటే చెప్పండి. స్కాన్లు వద్దు, కాయితమే కావాలి.