సూట్‌కేసు నిండా మర్రిగూడ నీళ్లు

మా నల్గొండ నుంచి విదేశాలకు చదువుకోను పోయినవాళ్లు సెలవులకు వస్తే పెళ్లిళ్లు, యాదగిరిగుట్ట, చుట్టాలిళ్లలో భోజనాలు ఉంటాయి. నేను మాత్రం ఫిబ్రవరి నెలాఖర్లో బోరు నీళ్ల కోసం వచ్చాను.

జర్మనీలో డ్రెస్డెన్‌కు దగ్గరగా ఫ్రైబెర్గ్ అనే చిన్న ఊరుంది. 1765లో మొదలైన గనుల విద్యాలయం అక్కడిదే. భూగర్భజలాల మీద మాస్టర్స్ చేయడానికి ఆ ఊరికి వెళ్లాను. అక్కడి పాత కోటలో ఖనిజాల మ్యూజియం ఉంది. మొదటి సెమిస్టర్‌లో మమ్మల్ని తీసుకెళ్లినప్పుడు ఒక అద్దాల పెట్టె ముందు ఆగిపోయాను. ఊదా, పసుపు, లేత ఆకుపచ్చ రంగుల్లో చక్కగా చెక్కినట్టున్న ఫ్లోరైట్ స్ఫటికాలు. పక్కనున్న అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటున్నారు. నాకేమో చండూరు పక్కనున్న అమ్మమ్మ ఊరు కళ్లముందుకొచ్చింది. అరుగు మీద కూర్చుని లేవడానికి ఇద్దరి సాయం కావలసిన ముసలివాళ్లు, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే నా ఈడు పిల్లలు గుర్తొచ్చారు. అంత అందమైన రాయిలో ఉన్నదీ, మావాళ్ల ఎముకల్లో పేరుకున్నదీ ఒకటే ఫ్లోరైడ్. థీసిస్ దేని మీద చేయాలో ఆ రోజే తేలిపోయింది.

బయల్దేరడానికి ముందే చిక్కులు మొదలయ్యాయి. నా రెసిడెన్స్ పర్మిట్ గడువు జనవరితో ముగిసింది. కొత్తదానికి ముందే దరఖాస్తు పెట్టాను కానీ కార్డు రావడానికి వారాలు పడుతుంది. అందాకా ఒక మడతల కాగితం ఇస్తారు. ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అంటారు దాన్ని. అందులో జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ ఉపవిభాగం దగ్గర టిక్ ఉంటే పాత పర్మిట్ హక్కులు కొనసాగుతున్నట్టే. దేశం దాటి మళ్లీ రావచ్చు. టిక్ 3వ ఉపవిభాగం దగ్గరుంటే మాత్రం బయటికి వెళ్లి దాంతో తిరిగి రావడం కుదరదు. నాకు 4వ దాని దగ్గరే ఉంది. ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి నిర్ధారించుకున్నాకే టికెట్ కొన్నాను.

శంషాబాద్‌లో దిగాను, సూట్‌కేసు దిగలేదు. పీహెచ్ మీటరు, నీటిలోని లవణాలను కొలిచే మీటరు, కడిగి ఆరబెట్టి తెచ్చుకున్న సీసాలు అన్నీ అందులోనే ఉన్నాయి. మధ్యలో విమానం మారిన ఊళ్లోనే ఆగిపోయిందట. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. సెలవులేమో కొద్దిగా ఉన్నాయి. మర్నాడే కోఠి వెళ్లి ల్యాబు సామాను అమ్మే దుకాణంలో సీసాలు అడిగాను. ఆయన మంచి గాజు సీసాలు తీసి చూపించాడు. ప్లాస్టిక్‌వే కావాలన్నాను. ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుంది కాబట్టి ఈ పనికి పాలిథీన్ సీసాలే వాడాలి. నల్గొండలో నేను చదివిన డిగ్రీ కాలేజీ మేడం ఒక పాత మీటరు ఇచ్చి పంపారు. పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి చూస్తే సరిగ్గానే చూపిస్తోంది. ఆవిడ ఇచ్చి ఉండకపోతే ఈ ప్రయాణం అక్కడే ఆగిపోయేది.

ఎల్బీ నగర్‌లో సాగర్ రోడ్డు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ ఇచ్చింది. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. దాని విలువ ఆ బస్సులో కూర్చుంటేనే తెలిసింది. ఆసుపత్రికి పోయి వస్తున్న తల్లులు, కోచింగ్ పిల్లలు, కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగి వెళ్తున్న అక్కలతో సీట్లన్నీ నిండిపోయాయి. సీసాల పెట్టె పెట్టుకోవడానికి చోటు లేకపోతే ఒక అక్క ఇబ్రహీంపట్నం దాటేదాకా ఒళ్లో పెట్టుకుంది. మాల్‌లో దిగేసరికి మా మేనమామ టీవీఎస్ ఎక్సెల్‌తో నిలబడి ఉన్నాడు. పెట్టెను వెనకాల పెట్టి పాత సైకిల్ ట్యూబుతో బిగించి కట్టాడు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు. మా జిల్లాలో ఫ్లోరైడ్ అనగానే అందరి నోటా వచ్చే మండలాలివి. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు, పళ్లు పాడయ్యే ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ పాఠం చెప్పినా ఆ పేరు వస్తుంది. ఫ్రైబెర్గ్ క్లాసులో స్క్రీన్ మీద మా ఊరి పేరు చూసినప్పుడు గర్వపడాలో బాధపడాలో తెలియలేదు. నేను పుట్టకముందు, 1996 లోక్‌సభ ఎన్నికల్లో, కృష్ణా నీళ్లు కావాలని నల్గొండ స్థానంలో జనం నామినేషన్లు వేస్తే బరిలో 480 మంది అభ్యర్థులు మిగిలారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఢిల్లీకి వినపడేలా అడగడానికి మావాళ్లకు అప్పుడు దొరికిన దారి అది.

మొదటి రోజు ఏ ఊరికి పోయినా నీళ్ల కంటే ముందు కాగితాలు వచ్చాయి. చేతిలో మీటరు, మెడలో కార్డు చూసి నన్ను సర్వేకు వచ్చిన మేడం అనుకున్నారు. ఒక అవ్వ ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచిన సదరం సర్టిఫికెట్, అంటే వికలాంగుల పింఛనుకు అడిగే కాగితం, తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నడుము ముందుకు వంగిపోయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతోంది.

"గడువు అయిపోయిందట బిడ్డా. మళ్ల క్యాంపుకు రమ్మన్నరు. నల్గొండ దాక నన్నెవలు దోల్కపోతరు?"

"అవ్వా, నేను పింఛన్ల మేడంను కాదు. నీళ్లు పరీక్ష చేయడానికి వచ్చిన."

"ఇప్పుడేం పరీక్ష చేస్తవ్ బిడ్డా? నా ఒళ్లు జూడు, తెలుస్తది."

నాకు జవాబు రాలేదు. మామ ఆ సర్టిఫికెట్‌ను ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. తర్వాత క్యాంపు తేదీ కనుక్కుని, ఆటో మాట్లాడి ఆమెను తీసుకెళ్లాడు కూడా. ఈ మొత్తం ప్రయాణంలో ఒక మనిషికి నిజంగా పనికొచ్చింది అదేనని నేననుకుంటాను.

శివన్నగూడెం దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్యూబు తెగింది. పెట్టె కింద పడి సీసాలు రోడ్డు మీద దొర్లాయి. బడి నుంచి వస్తున్న పిల్లలు పరుగెత్తుకొచ్చి ఏరిచ్చారు. కొన్నిటి మూతలు ఊడి నీళ్లు పోయాయి, కొన్నిటి మీద రాత చెరిగిపోయింది. ఏ ఇంటివో తెలియని నీళ్లతో చేసేదేమీ లేదు, వాటిని పారబోశాను. సాయంత్రం దాకా తిరిగినవాటిలో చాలా ఇళ్లకు మళ్లీ పోవాల్సి వచ్చింది. సీసాలు ఏరిచ్చిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. వాళ్ల తాతల పళ్ల మీద ఉండే గోధుమరంగు చారలు వీళ్లకు లేవు. నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చాక పెరిగిన పిల్లలు వీళ్లు. ఫ్లోరోసిస్ బాధితుల కోసం జీవితమంతా మాట్లాడిన అంశల స్వామి ఊరు అదే. ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు. ఆ పిల్లల నోళ్లు చూస్తున్నంతసేపూ ఆయనే గుర్తొచ్చారు.

ఇక బత్తాయి తోట దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. బోరు నీళ్లు పట్టాలంటే మోటారు వేసి కొన్ని నిమిషాలు నీళ్లు పోనివ్వాలి. పైపులో నిలిచిన పాత నీళ్లు పోయి, మీటరులో అంకె నిలకడకు వచ్చాక పట్టాలి. మేం వెళ్లేసరికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వచ్చేదాకా చెట్ల కిందే కూర్చున్నాం. రైతు పెద్దాయన, నేను తాతా అని పిలిచాను. బత్తాయిలు ఒలిచి చేతిలో పెడుతూ బోర్ల కథ చెప్పాడు.

"మా నాయన తవ్వించిన బాయి ముప్పై ఫీట్లే. అది ఎండినంక బోరు. రెండొందలకు పడ్డయి, మళ్ల పోయినయి. గిప్పుడు ఆరొందల ఫీట్ల కాడున్న."

నీళ్లు లోతు నుంచి వచ్చేకొద్దీ అవి రాయిలో గడిపిన కాలం పెరుగుతుంది. మా దిక్కు గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే దాన్ని కొంత పట్టి ఆపుతుంది. కానీ మాది ఎండలు మండే నేల. కాల్షియం మట్టిలోనే సున్నపు గడ్డలుగా పేరుకుపోతుంది, పట్టి ఆపేది లేక ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. ఇదంతా నాకు వచ్చిన భాషలో చెప్తే తాత శ్రద్ధగా విని, చేను గట్టున తెల్లటి గడ్డ ఒకటి కాలితో దొర్లించి "గిదేనా?" అన్నాడు. అదే.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. నేను సీసా పట్టుకుని కూర్చుంటే, కలుపు తీస్తున్న ఆడవాళ్లు వరసగా వచ్చి పైపు దగ్గర దోసిళ్లు పట్టి తాగారు. చల్లగా ఉన్నాయని ముఖాలు కడుక్కున్నారు. ఒకామె టిఫిన్ గిన్నెలో నింపుకుంది.

"అక్కా, ఇంట్ల నల్లా నీళ్లు రావా?"

"ఎందుకు రావు? పొద్దుగాల వస్తయి. ఇంట్ల అవ్వే తాగుతం. చేను కాడికి గంత బరువు ఎవలు మోసుకొస్తరు చెల్లె?"

కాగితం మీద ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ మంచినీళ్లు అందుతున్నట్టే లెక్క. అది అబద్ధం కాదు, నేను పట్టిన నల్లా నీళ్లు బాగానే ఉన్నాయి. కానీ కూలికి పోయే ఆడమనిషి ఎండాకాలంలో తాగే నీళ్లలో ఎక్కువ భాగం చేను దగ్గర తాగేవే. నా ప్రశ్న ఆ పైపు దగ్గరే మారిపోయింది. ఊరూరా ఇళ్ల నీళ్లే పట్టాలని వేసుకున్న పథకాన్ని పక్కన పెట్టి, మిగిలిన రోజులన్నీ తోటలు, పత్తి చేలు తిరిగాం. ఈలోగా నా సూట్‌కేసు కూడా ఇంటికి చేరింది.

తిరుగు ప్రయాణం రాత్రి శంషాబాద్‌లో సూట్‌కేసు తూకంలో పెట్టగానే కౌంటర్ అబ్బాయి తెరవమన్నాడు. వరసగా పేర్చిన సీసాలు, ఒక్కోదాని మీద ఊరి పేరు, తేదీ. మా ప్రొఫెసర్ ఇచ్చిన ఉత్తరం చూపించాను. ఫ్లోరైడ్ పరీక్షకు యాసిడ్ కలపనవసరం లేదు, ఇవి ఉత్త నీళ్లేనని చెప్పాను. దానికి ఒప్పుకున్నారు. గొడవంతా పర్మిట్ దగ్గర వచ్చింది. మడతల కాగితం తిప్పి తిప్పి చూసి "ఇది వీసా కాదు కదా మేడం" అన్నారు. 4వ ఉపవిభాగం దగ్గరున్న టిక్ చూపించాను, పాత కార్డు చూపించాను. పైఅధికారి వచ్చారు, ఎవరికో ఫోన్ చేశారు, అవతల ఎత్తలేదు. గాజు గోడ అవతల నాన్న నిలబడి చూస్తున్నారు. లోపలికి రానివ్వరు, ఏం జరుగుతోందో తెలియదు. నా టెన్షన్ కంటే ఆయన ముఖం చూడటమే కష్టమైంది. కౌంటర్ మూసేశారు. ఆ విమానం నేను లేకుండానే వెళ్లిపోయింది.

మర్నాటి టికెట్‌కు తేడా డబ్బులు నాన్నే కట్టారు. రాత్రంతా కూర్చుని జర్మనీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ కాగితం గురించి ఇంగ్లీషులో ఉన్నది ప్రింట్ తీసి పెట్టుకున్నాను. మరుసటి రాత్రి కౌంటర్లో ఉన్నావిడ ఆ ప్రింట్ ముట్టుకోనే లేదు. కాగితం విప్పి, టిక్ చూసి, బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టింది. పర్మిట్ కొత్తది చేయించుకునే మధ్యలో ఇంటికి వచ్చే పిల్లలకు ఒక మాట చెప్తాను. ఆ ప్రింట్ మాత్రం వెంట ఉంచుకోండి, కౌంటర్‌కు నాలుగు గంటల ముందే చేరండి.

ఫ్రైబెర్గ్ ల్యాబులో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో ఒక్కో సీసా కొలిచాను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. నల్లా నీళ్లన్నీ ఆ గీత కిందే ఉన్నాయి. చేల బోర్లలో చాలావరకు దాన్ని దాటాయి, తాత తోట బోరు మరీ ఎక్కువ. ఎవరి సీసా ఫలితం వాళ్లకు తెలుగులో చీటీ రాసి మామకు వాట్సాప్‌లో పంపాను. నీళ్లు ఇచ్చినవాళ్లకు అంకె చెప్పకుండా థీసిస్ రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

తాత ఆ సాయంత్రమే మామ ఫోన్ నుంచి మాట్లాడాడు.

"అయితే నా చెట్లకు పెట్టొచ్చా, వద్దా?"

"చెట్లకు పెట్టు తాతా. మనుషులకు వద్దు."

"రేపటి సంది క్యాను పెట్టిస్త. మరి పక్క చేనోళ్లు?"

పక్క చేనోళ్ల కోసమే వచ్చే సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి కూలికి పోయే ఆడవాళ్లతో పాటు పొద్దంతా ఉండి, ఎవరు ఎక్కడ ఎన్ని నీళ్లు తాగుతున్నారో రాసుకుంటాను. మా ప్రొఫెసర్ దానికి ఒప్పుకున్నారు. పర్మిట్ కార్డు కూడా చేతికొచ్చింది.