గుంటల గొడవ: అన్నయ్య అమెరికాలో, పొలం పర్లాకిమిడి దగ్గర

2023లో మా నాన్న పొలం అమ్మాం. మాది ఒడిశాలో పర్లాకిమిడి పక్క పల్లె, ఇంట్లో తెలుగు, కాగితాల్లో ఒడియా. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, సెలవు దొరకదు, నాకు పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తానన్నాడు. నెల రోజుల పనేలే అనుకున్నాను. ఏప్రిల్‌లో మొదలుపెడితే ఆగస్టు చివరికి తెమిలింది, అందులో సగం రోజులు కొలతలు మింగేశాయి.

మొదట ఫోన్లో చెప్పాను, "ఇరవై గుంటలు, గుంట లక్షా అరవై వేలకి అడుగుతున్నారు" అని. మా వదినది కరీంనగర్. వాళ్లకి ఎకరానికి నలభై గుంటలు, కాబట్టి ఇరవై అంటే అరెకరం, అంటే ఎకరం 64 లక్షలు పలుకుతోందని ఆవిడ లెక్క. ఇద్దరూ సంతోషించారు. వారం తర్వాత పట్టా ఫోటో వాట్సాప్‌లో పంపితే అందులో ఎకరా గడిలో సున్నా, డెసిమల్ గడిలో 80. "మరిదిగారూ, ఎనభై సెంట్లయితే యాభై ఒక్క లక్ష పైన రావాలి కదా, మీరేమో ముప్పై రెండు అంటున్నారు?" అని వదిన అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ వెనక అన్నయ్య గొంతులో నవ్వు లేదు. ఆ తర్వాత రెండు రోజులు ఫోనే లేదు.

నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. పుట్టినప్పటి నుంచి గుంటంటే గుంటే అనుకున్నాను (మా వైపు గుంటంటే ఆడపిల్ల కూడా, అది వేరే సంగతి). దస్తావేజులు రాసే ఆయన చెప్పాడు, ఒడిశాలో ఎకరానికి ఇరవై ఐదు గుంటలే అని. అంటే మా గుంట నాలుగు డెసిమల్స్, 1,742 చదరపు అడుగులు, వదినవాళ్ల గుంట 1,089. ఆ లెక్కన ఎకరం ధర 40 లక్షలే, 64 ఎప్పుడూ లేదు. డెసిమల్, సెంటు మాత్రం ఒకటే, ఎకరంలో నూరో వంతు. 1936 దాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం కదా, అందుకేనేమో మా ముసలాళ్లు ఇప్పటికీ సెంట్లనే అంటారు. ఇంకో వింత, ఎకరం టెక్సాస్‌లోనూ మా పల్లెలోనూ ఒకటే, 43,560 చదరపు అడుగులు. సముద్రాల అవతల ఉన్నవాళ్లతో కుదిరిన లెక్క కరీంనగర్‌తో కుదరలేదు!

ఒక తెల్లకాగితం మీద 80 ఇంటూ 435.6 అని వేసి, 34,848 చదరపు అడుగులు అని పెద్దగా రాసి ఫోటో పంపాను. అన్నయ్య ఫోన్ చేసి, "ముందే అడుగుల్లో చెప్పొచ్చు కదరా" అన్నాడు. సారీ లాంటిది ఏమీ రాలేదు, నేనూ ఎదురుచూడలేదు.

తర్వాత పవర్ కాగితం. ఇక్కడ నేను ఏ4 సైజులో టైపు చేయించి పంపితే అన్నయ్య అక్కడి లెటర్ సైజు కాగితం మీద ప్రింటు తీశాడు. అది ఏ4 కన్నా 18 మిల్లీమీటర్లు పొట్టి. పేజీ అడుగున హద్దుల దగ్గర చివరి లైను, ఉత్తరం వైపు హద్దు, ఎగిరిపోయింది. నోటరీ ముందు సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాక గానీ చూసుకోలేదు. మళ్లీ ప్రింటు, మళ్లీ నోటరీ, అక్కణ్ణుంచి మన కాన్సులేట్.

జులైలో కొరియర్ వచ్చింది. అక్కడ రాసిన పవర్ మన దేశం చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి కాబట్టి మర్నాడే పట్టుకెళ్లాను. దస్తావేజుల ఆయన కళ్లజోడు సర్దుకుని, "బాబూ, ఇంకా రాని తేదీన మీ అన్నయ్య సంతకం ఎలా పెట్టాడు?" అన్నాడు. నోటరీ ముద్ర పక్కన 06/09/2023 అని ఉంది. వాళ్లకి నెల ముందు, అది జూన్ 9. మనకి సెప్టెంబరు 6. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. అదృష్టం, కాన్సులేట్ ముద్రలో 21 జూన్ అని నెల పేరు అక్షరాల్లో ఉంది. సెప్టెంబరులో పెట్టిన సంతకానికి జూన్‌లో ముద్ర పడదు కదా, ఆయన దాన్ని పట్టుకునే ఆఫీసులో ఒప్పించాడు.

డబ్బు వచ్చాక కూడా అయిపోలేదు. దస్తావేజులో 32,00,000 అని చూసి అన్నయ్య ట్యాక్సుల ఆయన కామా తప్పు పడిందేమో అన్నాడట. లక్ష అంటే ఏమిటో ఆయనకి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టిందని అన్నయ్య గోల.

ఈ మధ్యలో ఒకరోజు అమ్మ ఫోన్ తీసుకుంటే అన్నయ్య, "ఇవాళ తొంభై ఐదమ్మా" అన్నాడు. అక్కడ ఎండ ఫారన్‌హీట్‌లో చెప్తారు, మన లెక్కలో అది 35 డిగ్రీలు. మనమేమో ఎండని సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో చూస్తాం. అమ్మకి ఆ నంబరు వినగానే గుర్తొచ్చేది థర్మామీటరే. "తొంభై ఐదా? ఒళ్లు చల్లబడిపోతోంది నాయనా, దుప్పటి కప్పుకుని పడుకో" అంది.